అల్యూమినియం డబ్బాలో పెట్టగానే హమ్ చేస్తున్న జెర్మేనియం ఫజ్ పెడల్: డబ్బా తయారీ, ఎర్త్, ఎండాకాలం సమస్యలు

గోదారి_తీగ (రాజమహేంద్రవరం) | మే 11, ఉదయం 7:40

అందరికీ నమస్కారం. రెండు నెలలుగా ఇక్కడి పాత చర్చలు చదువుకుంటూ నా మొదటి గిటార్ పెడల్‌ను (కాలితో నొక్కి గిటార్ ధ్వనిని మార్చే డబ్బా) సొంతంగా కట్టుకున్నాను. లండన్‌లో ఆర్బిటర్ సంస్థ 1966లో తెచ్చిన ఫజ్ ఫేస్ సర్క్యూట్‌నే తీసుకున్నాను. రెండు ట్రాన్సిస్టర్లు, నాలుగు రెసిస్టర్లు, మూడు కెపాసిటర్లు, రెండు పాట్‌లు (చేత్తో తిప్పే రెసిస్టర్లు) మాత్రమే ఉండడంతో మొదటిసారి కట్టేవాడికి ఇదే అనువుగా ఉంటుందనిపించింది. మా తాతగారి రేడియో అటక మీద పాడైపోయి ఉంటే అందులోంచి రెండు ఏసీ128 జెర్మేనియం ట్రాన్సిస్టర్లు తీశాను. కోఠి గుజరాతీ గల్లీలో పాత సరుకు అమ్మే దుకాణంలో మరో మూడు దొరికాయి.

డబ్బా కోసం ఇంటి కిటికీలు చేయించినప్పుడు మిగిలిన అల్యూమినియం సెక్షన్ ముక్కను వాడాను. అది 4 అంగుళాల వెడల్పు, 1¾ అంగుళాల ఎత్తు ఉన్న ముదురు గోధుమ రంగు గొట్టం. దాన్ని 120 మిల్లీమీటర్ల పొడవుకు కోయించి, కింది గోడను తీసేసి, అదే రంగు రేకుతో మూత వేశాను.

సమస్యలు రెండు ఉన్నాయి. బోర్డు బల్ల మీద విడిగా ఉన్నంతసేపూ చక్కగా మోగిన పెడల్, డబ్బాలో బిగించగానే హమ్ (గుయ్యిమనే మోత) చేయడం మొదలుపెట్టింది, పైగా డబ్బాకు కాలు తగిలితే ఆ హమ్ రెట్టింపవుతోంది. రెండోది, పొద్దున పూట నిండుగా వచ్చే ధ్వని మధ్యాహ్నం రెండు గంటలయ్యేసరికి సన్నబడి, తీగను మీటిన వెంటనే తెగిపోతోంది. మేము సాధన చేసేది రేకుల షెడ్డులో. రెండింటికీ కారణం ఒకటేనా, వేర్వేరా అన్నది నాకు అంతుబట్టలేదు. పెద్దలు దారి చూపగలరు.

కోఠి_టంకం (హైదరాబాద్) | మే 11, ఉదయం 9:15

బాబూ, రెండూ వేర్వేరు జబ్బులు. మొదటిది డబ్బాది, రెండోది ట్రాన్సిస్టర్‌ది. ముందు డబ్బా సంగతి తేల్చుకుందాం. మీటర్‌ను కంటిన్యుటీలో (కరెంటుకు దారి ఉంటే బీప్ ఇచ్చే అమరికలో) పెట్టి, ఒక మొనను గిటార్ తీగ దూర్చే ఇన్‌పుట్ జాక్ ఎర్త్ ట్యాగ్‌కు, రెండో మొనను డబ్బా పై గోడకు ఆనించి, బీప్ వస్తుందో లేదో చెప్పు. తర్వాత మూతకూ అలాగే చూడు. మీ జాక్‌ల మెడ లోహమా, ప్లాస్టిక్కా అన్నది కూడా రాయి.

ఆటోనగర్_లేత్ (విజయవాడ) | మే 11, ఉదయం 10:02

గోధుమ రంగు కిటికీ సెక్షన్ అన్నారు కాబట్టి మీటర్ పెట్టకముందే ఒక మాట చెప్పగలను. చాలావరకు ఆ రంగు పూసిన పెయింటు కాదు, అనోడైజింగ్. అంటే అల్యూమినియం పైపొరనే విద్యుత్ రసాయన పద్ధతిలో అల్యూమినియం ఆక్సైడ్‌గా మార్చి, దానికి రంగు పట్టిస్తారు. ఆ ఆక్సైడ్ గుండా విద్యుత్తు ప్రవహించదు. చూడడానికి లోహపు డబ్బాలాగే ఉన్నా, మీరు బిగించిన జాక్‌లకూ ఆ డబ్బాకూ మధ్య కంటికి కనిపించనంత పలుచని గాజు పొర ఉన్నట్టే లెక్క. ఎర్త్ అందని లోహపు డబ్బా, డబ్బా లేకపోవడం కన్నా చెడ్డది. అది చుట్టూ ఉన్న ఇంటి కరెంటు తీగల 50 హెర్ట్జ్ హమ్‌ను పట్టి, లోపల దగ్గరగా ఉన్న ఇన్‌పుట్ తీగకు అందిస్తుంది. మీ కాలు తగిలినప్పుడు మీ ఒంట్లోని హమ్ కూడా దానికి తోడవుతుంది.

గోదారి_తీగ | మే 11, సాయంత్రం 6:30

మీరిద్దరూ చెప్పింది అక్షరాలా నిజమైంది. జాక్‌ల మెడ లోహమే. అయినా ఎర్త్ ట్యాగ్ నుంచి డబ్బా పై గోడకు బీప్ రాలేదు, మూతకూ రాలేదు. మీటర్ మొనను గోడ మీద గట్టిగా నొక్కి గీస్తే, గీత పడిన చోట మాత్రం ఒక్క క్షణం బీప్ వచ్చి ఆగిపోయింది.

జాక్‌లు విప్పి, రంధ్రం చుట్టూ లోపలి వైపు వాషర్ ఆనేంత మేర 120 నంబరు ఎమరీ పేపరుతో రుద్దాను. గోధుమ రంగు తెల్లబారి, ఆ తర్వాత అచ్చమైన అల్యూమినియం మెరుపు కనిపించాక పళ్లున్న వాషర్ వేసి బిగించాను. మూత మరలు పడే నాలుగు మూలల్లోనూ అలాగే చేశాను. ఇప్పుడు ఎక్కడ ఆనించినా బీప్ వస్తోంది. ఆంప్‌కు (యాంప్లిఫయర్‌కు) కలిపి చూస్తే హమ్ దాదాపు పోయింది, డబ్బా మీద కాలు పెట్టినా తేడా లేదు. ఆ చిన్న తెల్లటి వలయాన్ని గీకడానికి పట్టింది పది నిమిషాలు, దాని కోసం వారం రోజులు టంకాలన్నీ ఊడదీసి మళ్లీ వేశాను.

సముద్రగాలి (విశాఖపట్నం) | మే 11, రాత్రి 9:20

మీ అనుభవం చదివాక నా పాత పెడల్ ఎందుకు విసిగించేదో ఇప్పుడు తెలిసింది. నేను చర్చిలో గిటార్ వాయిస్తాను. మూడేళ్ల కిందట ఒక బూస్టర్‌ను స్టీలు టిఫిన్ డబ్బాలో కట్టాను. స్టీలు కాబట్టి ఎర్త్ బాగానే అందేది, కానీ ఆ రేకు అర మిల్లీమీటరు కూడా ఉండదు. కాలితో స్విచ్ తొక్కినప్పుడల్లా పై భాగం లోపలికి వంగి, ఒకరోజు ఆరాధన మధ్యలో స్విచ్ ట్యాగులు కింది బోర్డుకు తగిలి ధ్వని మొత్తం ఆగిపోయింది. పైగా నొక్కుడు మూత కాబట్టి అది కదిలినప్పుడల్లా చిటపటలు వచ్చేవి. మా ఊరి ఉప్పుగాలికి జాక్‌లు ఆరు నెలల్లో నల్లబడతాయి, అది వేరే బాధ.

ఈసారి గట్టి డబ్బా చేయించాలనుకుంటున్నాను. విదేశీ డైకాస్ట్ (అచ్చులో పోతపోసిన) డబ్బాలే కొనాలా, ఇక్కడి సెక్షన్‌తోనే మంచిది చేసుకోవచ్చా? ఆటోనగర్ అన్నగారు వివరంగా చెబితే నాలాంటి వాళ్లకు ఉపయోగపడుతుంది.

ఆటోనగర్_లేత్ | మే 12, ఉదయం 6:50

సముద్రగాలి గారికి, నేను రోజూ చేసే పని ఇదే కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తున్నాను.

డైకాస్ట్ డబ్బా గోడ సుమారు 2 మిల్లీమీటర్ల మందంతో, మూలలన్నీ ఒకే పోతగా ఉంటుంది కాబట్టి మనిషి బరువంతా వేసి తొక్కినా వంగదు. కిటికీ సెక్షన్‌లో 1.5 మిల్లీమీటర్లకు తక్కువ కాని గోడ ఉన్నదాన్ని ఎంచుకుంటే స్విచ్ ఒత్తిడిని చక్కగా తట్టుకుంటుంది. అల్యూమినియం తలుపులు చేసే దుకాణాల్లో చిన్న ముక్కలు తుక్కు ధరకు కిలో లెక్కన ఇస్తారు. వీలైతే రంగు వేయని సాదా ముక్క అడగండి, అప్పుడు గోదారి_తీగ గారి గొడవే ఉండదు. స్టెయిన్‌లెస్ స్టీలు జోలికి మాత్రం వెళ్లకండి. డ్రిల్ బిట్ కోయకుండా రుద్దుకుంటే ఆ చోట స్టీలు ఇంకా గట్టిపడి బిట్‌నే తినేస్తుంది, మామూలు ఫ్లక్స్‌తో దాని మీద టంకం కూడా పట్టదు.

రంధ్రాల విషయంలో మొదటిసారి చేసేవాళ్లు తొందరపడేది సెంటర్ పంచ్ దగ్గరే. పంచ్‌తో చిన్న గుంట వేయకుండా తిన్నగా డ్రిల్ పెడితే బిట్ నున్నటి అల్యూమినియం మీద జారి, ముఖం మీద పెద్ద గీత పడుతుంది. గుంట వేసి, డబ్బా లోపల సరిగ్గా పట్టే చెక్క దిమ్మను పెట్టి, వైస్‌లో బిగించి, మొదట 3 మిల్లీమీటర్ల బిట్‌తో తొలిచి, ఆపైన స్టెప్ డ్రిల్‌తో పెద్దది చేయండి. అల్యూమినియం మెత్తనిది కాబట్టి వేడికి బిట్ గాడుల్లో అంటుకుపోతుంది. మేము రెండు చుక్కల కిరోసిన్ వేసి తొలుస్తాం, అప్పుడు పొట్టు పొడవాటి వెండి తీగల్లా చుట్టలు చుట్టుకుంటూ బయటికి వస్తుంది. ఆ చుట్టలు రావడం ఆగి పొడి రాలుతోందంటే బిట్ మొండిబారిందని అర్థం. కళ్లద్దాలు పెట్టుకోకుండా, డబ్బాను చేత్తో పట్టుకుని ఎప్పుడూ తొలవకండి. స్టెప్ డ్రిల్ పట్టేసినప్పుడు డబ్బా గిర్రున తిరిగి వేళ్లు కోసేస్తుంది.

కాలి స్విచ్‌కు 12, పాట్‌కు 7, జాక్‌కు 10, తొడుగు లేని 5 మిల్లీమీటర్ల ఎల్ఈడీకి 5 మిల్లీమీటర్ల రంధ్రాలు సరిపోతాయి. చివరి అర మిల్లీమీటరు ఆకురాయితో సరిచూసుకోండి, ఎందుకంటే వదులైన రంధ్రంలో జాక్ తిరిగి, దాని వెనక తీగలు తెగుతాయి.

డల్లాస్_మూడో_తీగ (డల్లాస్) | మే 12, రాత్రి 8:10

నేను ఇక్కడ ఆరేళ్లుగా పెడల్స్ కడుతున్నాను, అన్నీ డైకాస్ట్ డబ్బాల్లోనే. ఎక్కువగా వాడే 1590బీ కొలతలు సుమారు 112, 60, 31 మిల్లీమీటర్లు. దానికన్నా కొంచెం పెద్దదైన 125బీ సుమారు 121, 66, 39 మిల్లీమీటర్లు. మొదటిసారి కట్టేవాళ్లు చిన్న డబ్బా ముచ్చటగా ఉందని 1590బీ తీసుకుంటే, బ్యాటరీ పెట్టేందుకు చోటు చాలక ఏడుస్తారు. ఆ 8 మిల్లీమీటర్ల లోతు తేడా పనిని సగం తేలిక చేస్తుంది.

నేను రెండు డబ్బాలు పాడుచేసి నేర్చుకున్న సంగతి ఇది. కాగితం మీద గీసిన కొలత పటాన్ని డబ్బా లోపలి వైపు అంటించి తొలిస్తే, తిప్పి చూసేసరికి కుడి ఎడమలు తారుమారవుతాయి. ఇన్‌పుట్ కుడివైపు ఉండాల్సింది ఎడమకు వస్తుంది. పటాన్ని ఎప్పుడూ బయటి ముఖం మీదే అంటించండి. ఇక రెండు జాక్‌లనూ ఎదురెదురుగా ఒకే వరసలో పెట్టకండి. గిటార్ ప్లగ్ దూర్చినప్పుడు జాక్ రేకు బయటికి వంగుతుంది, 60 మిల్లీమీటర్ల వెడల్పులో రెండు జాక్‌ల రేకులు ఒకదానికొకటి తగిలితే ధ్వని ఆగిపోతుంది. ప్లగ్ రెండింట్లోనూ దూర్చి ఉంచి, మూత మూయకముందే లోపలికి చూసుకోవడం నాకు అలవాటైపోయింది.

కాలి స్విచ్ తొమ్మిది ట్యాగులకు టంకం వేసేటప్పుడు వరసగా వేయకండి. ఒకదానికి రెండు సెకన్లు పెట్టి, దూరంగా ఉన్న మరోదానికి వెళ్లండి. లోపలి ప్లాస్టిక్ మెత్తబడితే ట్యాగు వంగి, స్విచ్ అప్పటికి పనిచేసినట్టే అనిపించి నెల తర్వాత మొరాయిస్తుంది.

కోఠి_టంకం | మే 13, ఉదయం 8:45

ఇప్పుడు రెండో జబ్బుకు వద్దాం. నేను ట్రాన్సిస్టర్ రేడియోలు బాగుచేసి బతికినవాణ్ని. బెంగళూరులో భారత్ ఎలక్ట్రానిక్స్ 1962 నుంచి జెర్మేనియం ట్రాన్సిస్టర్లు తయారుచేసింది. మన ఇళ్లలోని పాత రేడియోల్లో దొరికే ఏసీ128లు చాలావరకు ఆ ఊరివే. మంచి సరుకు, కానీ జెర్మేనియం స్వభావమే ఎండకు ఓర్చుకోలేనిది.

ట్రాన్సిస్టర్‌కు ఎమిటర్, బేస్, కలెక్టర్ అని మూడు కాళ్లుంటాయి. బేస్‌కు ఏ కరెంటూ ఇవ్వకపోయినా జెర్మేనియం ట్రాన్సిస్టర్‌లో కొంత కరెంటు కారుతూనే ఉంటుంది. దాన్నే లీకేజీ అంటాం. వేడి 10 డిగ్రీలు పెరిగితే ఆ లీకేజీ దాదాపు రెట్టింపవుతుంది. పొద్దున 27 డిగ్రీలున్న మీ షెడ్డు మధ్యాహ్నం 45కు చేరితే అది మూడున్నర రెట్లు. ఈ సర్క్యూట్ లండన్‌లో పుట్టింది, అక్కడి గదుల్లో ఈ లెక్క ఎవరినీ ఇంతగా బాధించదు.

ఫజ్ ఫేస్‌లో అది ఏం చేస్తుందో విడమరిచి చెబుతాను. మొదటి ట్రాన్సిస్టర్ కలెక్టర్‌కు 33 కిలో ఓంల రెసిస్టర్ ఉంది, కాబట్టి దానిలో ప్రవహించేది మొత్తం కలిపి పావు మిల్లీ ఆంపియరు. అంత కరెంటు నడవడానికి కావలసిన మూడు నాలుగు మైక్రో ఆంపియర్ల బేస్ కరెంటును రెండో ట్రాన్సిస్టర్ ఎమిటర్ నుంచి 100 కిలో ఓంల రెసిస్టర్ తెచ్చి ఇస్తుంది. ఆ రెసిస్టర్ మీద పడే వోల్టేజే రెండో ట్రాన్సిస్టర్ ఎంత కరెంటు లాగాలో నిర్ణయిస్తుంది. ఇప్పుడు ఎండకు మొదటి ట్రాన్సిస్టర్ లీకేజీ పెరిగిందనుకో, బేస్‌కు కావలసినది లోపలి నుంచే దొరుకుతుంది, 100 కిలో ఓంల దారిలో కరెంటు తగ్గుతుంది, ఎమిటర్ వోల్టేజి పడిపోతుంది, రెండో ట్రాన్సిస్టర్ దాదాపు నిద్రపోతుంది. అప్పుడు దాని కలెక్టర్ సగం దగ్గర, అంటే 4.5 వోల్టుల దగ్గర ఉండకుండా 9 వైపు ఎగబాకుతుంది. పెద్ద సిగ్నల్‌కు మాత్రమే మేలుకుని, తీగ మోత కాస్త తగ్గగానే మళ్లీ మూసుకుపోతుంది. నువ్వు విన్న తెగిపోయే ధ్వని అదే.

కాబట్టి ట్రాన్సిస్టర్లను కొలిచి ఎంచుకోవాలి. పెడల్ కట్టేవాళ్లలో ఆర్.జి. కీన్ ప్రచారంలోకి తెచ్చిన కొలత ఇది. 9 వోల్టుల బ్యాటరీ పాజిటివ్‌ను ఎమిటర్‌కు, కలెక్టర్‌ను 2.4 కిలో ఓంల రెసిస్టర్ ద్వారా నెగటివ్‌కు కలిపి, బేస్‌ను గాలిలో వదిలేసి ఆ రెసిస్టర్ మీద వోల్టేజి చూడు. అది లీకేజీ. తర్వాత బేస్‌ను 2.2 మెగా ఓంల ద్వారా నెగటివ్‌కు కలిపి మళ్లీ చూడు. రెండో అంకెలోంచి మొదటి అంకె తీసేసి 100తో గుణిస్తే అసలైన గెయిన్ (బేస్ కరెంటును ఎన్ని రెట్లు పెంచుతుందన్నది) సుమారుగా వస్తుంది. లీకేజీ తీసేయకుండా మామూలు మీటర్‌లో గెయిన్ చూసి మురిసిపోవద్దు, ఎక్కువ గెయిన్ చూపించేవే చాలాసార్లు ఎక్కువ కారేవి. చేత్తో పట్టుకున్న ట్రాన్సిస్టర్‌ను వెంటనే కొలవవద్దు, వేళ్ల వేడికే అంకె పాకుతుంది. రెండు నిమిషాలు ఆగు.

గోదారి_తీగ | మే 13, రాత్రి 7:55

గురువుగారూ, ఐదింటినీ కొలిచాను. రేడియోలోంచి తీసిన రెండింట్లో మొదటిదానికి లీకేజీ 0.15 వోల్టులు, మొత్తం 0.95. అంటే లీకేజీ 62 మైక్రో ఆంపియర్లు, గెయిన్ 80. ఇదే నేను మొదటి స్థానంలో పెట్టినది. రెండోదానికి లీకేజీ 0.45, మొత్తం 1.55, గెయిన్ 110. గల్లీలో కొన్న మూడింట్లో ఒకటి బేస్ కలపకముందే 2 వోల్టులు దాటేసింది, మరొకదానికి గెయిన్ 30 కూడా రాలేదు. మూడోదానికి మాత్రం లీకేజీ 0.05, మొత్తం 0.70 వచ్చాయి. వేలు ఆనించి చూస్తే మీరన్నట్టే అంకె కళ్లముందే పైకి పాకింది.

ఈరోజు మధ్యాహ్నం షెడ్డులో పాత అమరికతోనే రెండో ట్రాన్సిస్టర్ కలెక్టర్ దగ్గర చూస్తే 7.3 వోల్టులు ఉంది. పొద్దున అదే చోట 4.5 ఉండింది.

కోఠి_టంకం | మే 13, రాత్రి 8:30

ఆ మూడోది బంగారం. గెయిన్ 65, లీకేజీ 21 మైక్రో ఆంపియర్లే. దాన్ని మొదటి స్థానంలో పెట్టు. 110 గెయిన్ ఉన్నది రెండో స్థానంలోనే ఉండనీ, అక్కడ లీకేజీ కొంత ఎక్కువైనా మొత్తం కరెంటును ఎమిటర్ దగ్గరి 1 కిలో ఓం పాట్ పట్టి ఉంచుతుంది. రెండో ట్రాన్సిస్టర్ కలెక్టర్‌కు ఉన్న 8.2 కిలో ఓంల రెసిస్టర్ తీసేసి, 20 కిలో ఓంల ప్రీసెట్ (బోర్డు మీదే ఉండే చిన్న పాట్) పెట్టి 4.5 వోల్టులకు తిప్పుకో. కాళ్లను పొట్టిగా కత్తిరించకు. టంకం వేసేటప్పుడు కాలును ముక్కు ప్లయర్‌తో పట్టుకుంటే వేడి లోపలికి ఎక్కదు. ఇంకా మంచిది, సాకెట్ పెట్టు.

డల్లాస్_మూడో_తీగ | మే 14, ఉదయం 7:05

పెద్దాయన మాటకు ఎదురు చెబుతున్నానని అనుకోవద్దు. 45 డిగ్రీల షెడ్డులో వాయించే వ్యక్తికి జెర్మేనియం ఎందుకు? 1960ల చివరికల్లా ఫజ్ ఫేస్‌లోనే బీసీ183, బీసీ108 లాంటి సిలికాన్ ట్రాన్సిస్టర్లు వచ్చేశాయి. వాటిలో లీకేజీ ఊసే ఉండదు. ఏసీ128 పీఎన్‌పీ రకం, దాని సర్క్యూట్‌లో ఎర్త్ పాజిటివ్ వైపు; ఇవి దానికి ఉల్టా అయిన ఎన్‌పీఎన్ కాబట్టి ఎర్త్ కూడా మిగతా పెడల్స్ లాగే నెగటివ్ వైపు ఉంటుంది. మన ఊళ్లలో ఏ దుకాణంలో అడిగినా బీసీ547 రెండు మూడు రూపాయలకు ఇస్తారు. ఎక్కువ గెయిన్ వల్ల ధ్వని కరుకుగా అనిపిస్తే తక్కువ గెయిన్ ఉన్నవి ఏరుకుని, ఒక్కొక్క ట్రాన్సిస్టర్ కలెక్టర్‌కూ బేస్‌కూ మధ్య 100 పికో ఫారాడ్ కెపాసిటర్ పెడితే చాలావరకు మెత్తబడుతుంది, రేడియో స్టేషన్లు పట్టడం కూడా ఆగుతుంది.

కోఠి_టంకం | మే 14, ఉదయం 9:40

అమ్మా, నీ మాటలో తప్పులేదు. ఎండలో వేదిక ఎక్కి వాయించేవాడికి సిలికాన్‌దే నేనూ కట్టిస్తాను. కానీ గిటార్ వాల్యూమ్‌ను కొంచెం తగ్గించగానే జెర్మేనియం ఫజ్ కరుకుదనమంతా వదిలి గంటలాంటి తేట ధ్వనిలోకి జారుతుంది చూడు, సిలికాన్‌లో ఆ జారుడు నాకు ఎప్పుడూ అంత నునుపుగా వినిపించలేదు. పైగా అది ఆ అబ్బాయి తాతగారి రేడియోలోని ట్రాన్సిస్టర్. మధ్యేమార్గం ఒకటుంది. ప్రీసెట్‌ను లోపల దాచకుండా, అంతే విలువ ఉన్న పాట్‌గా డబ్బా మీదికి తెచ్చుకుంటే మధ్యాహ్నం పూట చేత్తో తిప్పి 4.5కు తెచ్చుకోవచ్చు. డబ్బా సొంతంగా చేసుకునేవాళ్లకు ఇంకో రంధ్రం వేసుకోవడం ఎంత పని?

సముద్రగాలి | మే 14, మధ్యాహ్నం 1:15

నాదొక సందేహం. గోదారి_తీగ గారిది పాజిటివ్ ఎర్త్ అంటున్నారు కదా. నా పెడల్స్ నాలుగూ ఒకే అడాప్టర్ నుంచి వరసగా తీసిన తీగతో నడుస్తాయి. ఇలాంటి ఫజ్‌ను ఆ వరసలోనే కలపవచ్చా?

కోఠి_టంకం | మే 14, మధ్యాహ్నం 2:00

కలపకూడదు బాబూ. ఏసీ128 పీఎన్‌పీ కాబట్టి అందులో ఎర్త్, దానితోపాటు డబ్బా, జాక్ మెడ, గిటార్ తీగ పైపొర, అన్నీ 9 వోల్టుల పాజిటివ్‌కు కలిసి ఉంటాయి. మీ మిగతా పెడల్స్‌లో అవే నెగటివ్‌కు కలిసి ఉంటాయి. రెండు పెడల్స్ మధ్య గిటార్ తీగ దూర్చిన మరుక్షణం దాని పైపొర గుండా అడాప్టర్ పాజిటివ్, నెగటివ్ ఒకటైపోతాయి. అడాప్టర్‌లో రక్షణ ఉంటే ఆగిపోతుంది, లేకపోతే వేడెక్కి పోతుంది. బ్యాటరీతో గానీ, వేరే అడాప్టర్‌తో గానీ మాత్రమే నడపండి.

బ్యాటరీ ఖర్చుకు భయపడనక్కరలేదు. రెండు ట్రాన్సిస్టర్లూ కలిసి లాగేది 1 మిల్లీ ఆంపియరు కన్నా తక్కువే. 4.7 కిలో ఓంల రెసిస్టర్‌తో వెలిగే ఎల్ఈడీ ఒక్కటే సుమారు ఒకటిన్నర మిల్లీ ఆంపియర్లు తింటుంది, అంటే పెడల్ కన్నా దాని దీపానికే ఎక్కువ ఖర్చు. ఇన్‌పుట్‌కు స్టీరియో జాక్ పెట్టి, బ్యాటరీ నెగటివ్ తీగ దాని రింగ్ ట్యాగ్‌కూ, సర్క్యూట్ నెగటివ్ స్లీవ్‌కూ కలిపేది మామూలు పెడల్స్ పద్ధతి. ఇక్కడ అదే పని పాజిటివ్ తీగకు చేయాలి. ప్లగ్ తీసేస్తే బ్యాటరీ ఆగిపోతుంది.

డల్లాస్_మూడో_తీగ | మే 14, సాయంత్రం 6:25

ఒకే అడాప్టర్ మీద నడవాలంటే 9 వోల్టులను మైనస్ 9 చేసే చిన్న ఐసీ ఒకటి డబ్బాలోనే పెట్టుకోవాలి. టీసీ1044ఎస్ అనే 8 కాళ్ల ఐసీ, 10 మైక్రో ఫారాడ్ కెపాసిటర్లు రెండూ సరిపోతాయి. దాని 1వ కాలును 8వ కాలుకు కలపడం మరిచిపోవద్దు. కలపకపోతే లోపలి ఆసిలేటర్ సుమారు 10 కిలో హెర్ట్జ్ దగ్గర తిరిగి, ఆ కూత ఆంప్‌లో వినిపిస్తుంది. కలిపితే అది చెవికి అందని ఎత్తుకు వెళ్తుంది. ఐసీఎల్7660 కూడా ఇలాంటిదే గానీ మామూలు రకానికి 10 వోల్టులే పరిమితి. రెగ్యులేషన్ లేని చవక 9 వోల్టుల అడాప్టర్లు లోడు లేనప్పుడు 12 వోల్టుల వరకు ఇస్తాయి కాబట్టి అది కాలిపోతుంది. ఐసీ పెట్టినప్పుడు డబ్బా నెగటివ్ ఎర్త్‌కు మారుతుంది. పవర్ జాక్ ప్లాస్టిక్‌ది వాడండి, నడుమ మొన నెగటివ్‌గా ఉండే మామూలు 2.1 మిల్లీమీటర్ల రకం.

నిర్వాహకులు | మే 14, రాత్రి 9:00

బోర్డు మీద భాగాల అమరిక పటం కావాలని నలుగురు సభ్యులు విడిగా అడిగారు. దానికి వేరే చర్చ తెరిచాం. ఇక్కడ డబ్బా, ఎర్త్, వేడి గురించిన మాటలే కొనసాగించవలసిందిగా మనవి.

గోదారి_తీగ | మే 17, సాయంత్రం 5:10

నాలుగు రోజులు ఆగి, అన్నీ కొలిచి రాస్తున్నాను. 65 గెయిన్ ఉన్నదాన్ని మొదటి స్థానంలో సాకెట్‌లో పెట్టి, పొద్దున 4.5 వోల్టులకు సరిచేశాను. ఈరోజు మధ్యాహ్నం రెండున్నరకు, షెడ్డులో థర్మామీటరు 44 చూపిస్తున్నప్పుడు, అదే చోట 5.6 వోల్టులు ఉంది. ఇంతకుముందు ఇదే సమయానికి 7.3 ఉండేది. ధ్వని కొంచెం సన్నబడిందన్నది నిజమే గానీ మీటిన స్వరం తెగకుండా చివరిదాకా సాగుతోంది. తాతగారి రేడియోలోది ఒకటి రెండో స్థానంలో ఉంది, మొదటిది చలికాలానికి దాచుకున్నాను.

డబ్బాకు ఇంకో పని చేశాను. మూత మరలు తుప్పు పట్టినా ఎర్త్ ఆగిపోకుండా, మూతకు ఒక ట్యాగ్ బిగించి అక్కడి నుంచి ఇన్‌పుట్ జాక్ ఎర్త్‌కు మెత్తటి తీగ వేశాను. సముద్రగాలి గారి లాగా ఉప్పుగాలిలో ఉండేవాళ్లకు ఇది ఎక్కువ అవసరం అనుకుంటాను.

ఒక్కటి మిగిలింది. స్విచ్ తొక్కినప్పుడు ఆంప్‌లో టప్పుమని గట్టిగా వస్తోంది.

కోఠి_టంకం | మే 17, రాత్రి 7:20

ఇన్‌పుట్‌లో ఉన్న 2.2 మైక్రో ఫారాడ్ కెపాసిటర్ బయటి కొస, బైపాస్‌లో (గిటార్ ధ్వని సర్క్యూట్‌ను దాటి తిన్నగా ఆంప్‌కు వెళ్లేలా) ఉన్నప్పుడు ఎటూ కలవకుండా గాలిలో వేలాడుతుంది. అది లోపలి వోల్టేజి వైపు మెల్లగా నిండి, స్విచ్ తొక్కగానే ఒక్కసారిగా ఖాళీ అవుతుంది. ఆ కొస నుంచి ఎర్త్‌కు 2.2 మెగా ఓంల రెసిస్టర్ వెయ్యి. స్విచ్‌కు బోర్డు వైపు వెయ్యాలి, జాక్ వైపు కాదు. కెపాసిటర్ ప్లస్, మైనస్ సరిగ్గా ఉన్నాయో కూడా చూడు. పాజిటివ్ ఎర్త్‌లో దాని మైనస్ కాలు ట్రాన్సిస్టర్ బేస్ వైపు ఉంటుంది.

గోదారి_తీగ | మే 17, రాత్రి 9:35

కెపాసిటర్ తిరగబడి ఉంది, మార్చాను. రెసిస్టర్ కూడా వేశాను. మొదటి ఒకటి రెండు తొక్కుళ్లకు చిన్నగా వినిపించి, ఆ తర్వాత స్విచ్ సొంత టక్కు తప్ప మరేమీ లేదు. ఆటోనగర్ అన్నగారూ, 4.5 వోల్టులకు సరిచేసుకునే ఆ బయాస్ పాట్‌కు రంధ్రం ఎక్కడ వేయమంటారు? పై ముఖం మీద వాల్యూమ్, ఫజ్ రెండూ ఇప్పటికే ఉన్నాయి.

ఆటోనగర్_లేత్ | మే 18, ఉదయం 6:30

పై ముఖం మీద వద్దు తమ్ముడూ, కాలు తగిలి తిరిగిపోతుంది. పవర్ జాక్ వచ్చే వెనక గోడలో, పైఅంచు నుంచి 15 మిల్లీమీటర్ల కిందికి వేసుకో. 9 మిల్లీమీటర్ల చిన్న రకం పాట్ అయితే ఆ లోతులో బోర్డుకు తగలదు. దాని రంధ్రం చుట్టూ కూడా లోపలి వైపు ఎమరీ పట్టించు, పాట్ మెడకూ ఎర్త్ కావాలి.